ఆన్‌లైన్ దుకాణపు సాఫ్టువేరు ఎంపిక

ఆన్‌లైన్ దుకాణపు సాఫ్టువేరు అనగా వస్తువుల పట్టిక, నిల్వ లెక్క, ఆర్డర్లు, చెల్లింపులు, రవాణా, పన్ను బిల్లులు మొదలైనవాటిని ఇంటర్నెట్టు ద్వారా నిర్వహించే ప్రోగ్రాముల సముదాయం. చిన్న వ్యాపారులు దీనిని రెండు మార్గాలలో సమకూర్చుకుంటారు. వర్డ్‌ప్రెస్ వంటి బ్లాగు సాఫ్టువేరుకు అంగడి పనులు చేసే ప్లగిన్‌ను జోడించుకోవడం ఒక మార్గం. మొదటి నుండి దుకాణం కొరకే వ్రాయబడిన ఓపెన్‌కార్ట్, మజెంటో, షాపిఫై వంటివాటిని వాడడం రెండవ మార్గం. ఖర్చు కంటే ముందుగా చూడవలసినది, ఆ సాఫ్టువేరు ఆర్డరును ఏ రూపంలో దాచుకుంటుందన్నది.

చరిత్ర

దుకాణపు సాఫ్టువేరే ముందు వచ్చింది. ఓఎస్‌కామర్స్ 2000లో జర్మనీలో మొదలైనది. షాపిఫై 2006లోను, మజెంటో 2008లోను విడుదలయ్యాయి. వర్డ్‌ప్రెస్ 2003 మే 27న వెలువడినప్పుడు అది కేవలం బ్లాగులు వ్రాసుకొనే సాధనం. దానికి అంగడిని జోడించే ప్లగిన్లలో అత్యధిక ప్రచారం పొందిన వూకామర్స్ 2011 సెప్టెంబరులో వచ్చినది. జిగోషాప్ అనే మరొక ప్లగిన్ కోడు దీనికి ఆధారం. వర్డ్‌ప్రెస్.కామ్ నిర్వాహక సంస్థ ఆటోమాటిక్ 2015లో వూకామర్స్‌ను కొనుగోలు చేసింది.

గూగుల్ వారి బ్లాగర్‌లో కొనుగోలు బుట్ట అనేదే లేదు. అక్కడ అమ్మదలచినవారు పేజీలో పేపాల్ బొత్తాన్ని అతికించుకొనేవారు. భారతదేశంలోని కొనుగోలుదారులకు, అమ్మకందారులకు మధ్య జరిగే చెల్లింపులను పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుండి నిలిపివేసింది.

ఆర్డరు, టపా

బ్లాగు సాఫ్టువేరు డేటాబేసులో ప్రధానమైనది టపా. దానికి శీర్షిక, తేదీ, రచయిత ఉంటాయి. వూకామర్స్ చాలా కాలం ఆర్డరును కూడా ఒక టపాగానే దాచింది. కొన్నవారి పేరు, చిరునామా, మొత్తం సొమ్ము వంటి వివరాలు మరొక పట్టికలో పదుల కొద్దీ వరుసలుగా చేరేవి. ఆర్డర్లు వేలలోకి వెళ్ళిన తరువాత ఒక పాత బిల్లును వెదకడానికి ఆ పట్టికనంతా గాలించవలసి వచ్చేది. 2023 అక్టోబరులో వెలువడిన 8.2 కూర్పు నుండి, కొత్తగా పెట్టే దుకాణాలలో ఆర్డర్లకు ప్రత్యేక పట్టికలు ఏర్పడ్డాయి. పాత దుకాణదారులు ఈ మార్పును తామే చేసుకోవాలి. వస్తువులు మాత్రం నేటికీ టపాలే.

ఇందులో లాభమూ లేకపోలేదు. వస్తువును గురించి నాలుగు మాటలు చదివిన తరువాతనే కొనేవారు ఉన్నచోట, ఉదాహరణకు పుస్తకాలు, చేనేత చీరలు, వ్రాతకు బ్లాగు సాఫ్టువేరును మించినది లేదు. అయితే 2010లో మొదలైన కినిగె తెలుగు ఈ-పుస్తకాలను అమ్మడమే గాక నిర్ణీత కాలానికి అద్దెకు కూడా ఇచ్చింది. గడువు తీరగానే పుస్తకం తెరుచుకోకుండా చేయడం టపాలతో సాగే పని కాదు.

యాప్రాల్ నుండి ఒక ఉదాహరణ

యాప్రాల్ సికింద్రాబాదు శివారు ప్రాంతం. ఇది మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఉన్నది. సైన్యం నుండి విరమించినవారి కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. ఇక్కడి ఒక ఇంటి నుండి ఊరగాయలు అమ్ముతున్నారనుకుందాము. ఆవకాయ వేసవిలో ఒక్కసారే పెడతారు. జాడీ అయిపోతే మళ్ళీ మామిడికాయ వచ్చే వరకు లేదు. కావున నిల్వ లెక్క తప్పితే సొమ్ము తీసుకొని సరుకు ఇవ్వలేని స్థితి ఏర్పడుతుంది. బ్లాగులో యూపీఐ క్యూఆర్ చిత్రం పెట్టి అమ్మితే, ఎవరి సొమ్ము ఏ ఆర్డరుకు వచ్చిందో చేతితో సరిచూసుకోవాలి. చివరి సీసాకు ఇద్దరు చెల్లించవచ్చును. రోజుకు రెండు మూడు ఆర్డర్లు ఉన్నంతవరకు ఇది కష్టం కాదు, పైగా ఖర్చు లేదు. వూకామర్స్‌లోను, ప్రత్యేక సాఫ్టువేర్లలోను ఆర్డరు రాగానే నిల్వ తగ్గుతుంది. వూకామర్స్ మామూలు అమరికలో, చెల్లింపు పూర్తికాని ఆర్డరు కొరకు సరుకును 60 నిమిషాలు ఆపి ఉంచి, తరువాత ఆ ఆర్డరును రద్దు చేస్తుంది.

సైనిక్‌పురి, బొల్లారం వంటి దగ్గరి చోట్లకు స్వయంగా అందించి, దూరానికి తపాలా ద్వారా పంపేవారికి పిన్‌కోడును బట్టి రవాణా రుసుము మారాలి. రెండు మార్గాలలోను ఇది సాధ్యమే.

తెలుగు పేర్లతో చిక్కు

వర్డ్‌ప్రెస్ టపా శీర్షిక నుండి వెబ్ చిరునామాను తయారు చేస్తుంది. దానికి 200 స్థానాలే కేటాయించబడ్డాయి. తెలుగులో ప్రతి హల్లు, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు విడివిడిగా తొమ్మిదేసి స్థానాలను ఆక్రమిస్తాయి. కనుక 22 గుర్తుల దగ్గర చిరునామా తెగిపోతుంది. “గోంగూర పండుమిరపకాయల నిల్వ పచ్చడి” అన్న శీర్షిక “నిల్” వరకే వచ్చి ఆగుతుంది. రోమను లిపిలో పొట్టి చిరునామాను ముందే ఇచ్చుకోవడం మేలు. పాత ఓఎస్‌కామర్స్ డేటాబేసులలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. లాటిన్ అక్షరాలకే అమర్చిన పట్టికలో తెలుగు అంతా ప్రశ్నార్థక చిహ్నాలుగా మారేది.

చట్టం, పన్ను

వస్తు సేవల పన్ను 2017 జూలై 1న అమలులోకి వచ్చినది. అప్పటికే రాష్ట్రం విడిపోయినందున యాప్రాల్ నుండి విజయవాడకు పంపే సీసా అంతర్రాష్ట్ర సరఫరా అవుతుంది. అటువంటి సరుకుపై పన్ను ఉన్నట్లయితే, కొన్ని హస్తకళా వస్తువులకు తప్ప, అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ నమోదు తప్పనిసరి. చుట్టాలూ తెలిసినవారూ ఆంధ్రలో ఉన్న అమ్మకందారులు ఈ సంగతిని తరచుగా గమనించరు. కనుక సాఫ్టువేరు కొనుగోలుదారు రాష్ట్రాన్ని బట్టి పన్నును విడగొట్టి బిల్లు ఇవ్వగలగాలి. 2025 సెప్టెంబరు 22న అనేక వస్తువుల రేట్లు మారాయి. అటువంటి సందర్భంలో పాత బిల్లులు పాత రేటుతోనే నిలిచి ఉండాలి.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, ముందే టిక్కు పెట్టిన గడులతో కొనుగోలుకు సమ్మతి తీసుకోరాదు. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి. రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు 2022 అక్టోబరు 1 నుండి వ్యాపారులు కార్డు నంబర్లను తమ వద్ద దాచుకోరాదు. చెల్లింపు గేటు‌వే వాడినప్పుడు కార్డు వివరాలు దుకాణానికి చేరవలసిన అవసరమే లేదు.

నిర్వహణ, మార్పిడి

స్వంత సర్వరులో పెట్టుకొనేవి, బ్లాగు ప్లగిన్ అయినా, ఓపెన్‌కార్ట్ అయినా, ఉచితమన్నది కోడు వరకే. సర్వరు అద్దె, భద్రతా నవీకరణలు, నకళ్ళు తీసి ఉంచడం యజమాని బాధ్యతలు. ప్లగిన్ల సంఖ్య పెరిగిన కొద్దీ ఒకదాని నవీకరణ మరొకదానిని చెడగొట్టే అవకాశం పెరుగుతుంది. షాపిఫైలో ఈ పనులను సంస్థే చూసుకుంటుంది, బదులుగా నెలవారీ రుసుము ఉంటుంది. ప్రత్యేక సాఫ్టువేరు ఎన్నుకున్నంత మాత్రాన శాశ్వతమని అనుకోరాదు. మజెంటో మొదటి తరానికి 2020 జూన్‌లో మద్దతు ఆగిపోయినది. రెండవ తరం నిర్మాణం వేరు కావడంతో దానిపై నడిచిన దుకాణాలను దాదాపు మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. ఏ మార్గమైనా, వస్తువులను, ఆర్డర్లను, కొనుగోలుదారుల వివరాలను సీఎస్‌వీ ఫైళ్ళుగా బయటికి తీసుకోవచ్చునో లేదో మొదటి ఆర్డరు రాకముందే పరీక్షించి చూడాలి.