ఆటలో అరటిపళ్ళకో లీగ్

మంగళవారం పూట మనవాళ్ళు కొత్త పని మొదలుపెట్టరు. విలియమ్స్‌పోర్ట్ వాళ్ళకు ఆ పట్టింపు లేదు. 1939 జూన్ 6, మంగళవారం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, సస్క్వెహానా నది ఒడ్డున ఒకప్పుడు కలప వ్యాపారంతో కోట్లు గడించిన ఊరది. బౌమన్ ఫీల్డ్ అనే పెద్దవాళ్ళ బేస్‌బాల్ స్టేడియానికి దగ్గర్లోని ఖాళీ జాగాలో రెండు పిల్లల జట్లు దిగాయి. ఒక జట్టుకు పాల కంపెనీ పేరు, ఇంకో జట్టుకు కలప అడితి పేరు. కొత్త యూనిఫాంలు, కొత్త బంతి. సీజన్‌లో మొదటి ఆట అది. ఆ మాటకొస్తే, లిటిల్ లీగ్ అనే దాని చరిత్రలోనే మొదటి ఆట.

ముగిసేసరికి కలప అడితి లండీ లంబర్ 23, పాల కంపెనీ లైకమింగ్ డెయిరీ 8.

బేస్‌బాల్ తెలిసినవాళ్ళు ఆ అంకెలు చూస్తే నవ్వుకుంటారు. పెద్దవాళ్ళ ఆటలో ఒక్కో జట్టు నాలుగైదు పరుగులు చేస్తే మామూలు. ఇరవై మూడు అంటే మైదానంలో ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పిచర్ విసిరిన బంతి హోమ్ ప్లేట్ దాటి ఎటో పోయి ఉంటుంది. గ్లవ్‌లో పడ్డ క్యాచ్ జారి ఉంటుంది. బంతి ఏ బేస్‌కు విసరాలో తేలక ఒకడు దాన్ని పట్టుకుని నిలబడిపోయి ఉంటాడు. ఈలోగా అవతలి జట్టు కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు బేస్‌లు చుట్టేస్తూనే ఉంటారు. మైదానం అంచున పెద్దవాళ్ళ అరుపులు సరేసరి.

ఈ గొడవంతటికీ మూలపురుషుడు కార్ల్ స్టాట్జ్. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, గుమాస్తా ఉద్యోగం. అంతకు ముందు ఏడాది, 1938 వేసవిలో, ఇంటి పెరట్లో జిమ్మీ, మేజర్ అనే ఇద్దరు మేనల్లుళ్ళతో బంతి విసురుకుంటూ ఆడుతున్నాడు. బంతి ఎటో పోతే పట్టుకోబోయి, నరికేసిన లైలాక్ పొద మోళ్ళు తగిలి కాలు గీరుకుంది. వెనకగుమ్మం మెట్ల మీద కూలబడి కాలు రుద్దుకుంటుంటే తన చిన్నతనం గుర్తొచ్చింది. పెద్ద కుర్రాళ్ళు ఆడుతుంటే గట్టున కూర్చుని వంతు కోసం కాచుకోవడం, వంతు వచ్చేసరికి చీకటి పడడం. విరిగితే మేకు కొట్టిన బ్యాటు, చిరిగితే టేపు చుట్టిన బంతి.

ఆ మెట్ల మీదే పిల్లల్ని అడిగాడు. మీకో నిజమైన జట్టు కడితే ఆడతారా? యూనిఫాం, ఆట ఆటకీ కొత్త బంతి, మీ చేతికి సరిపోయే బ్యాట్లు, అన్నీ ఇప్పిస్తే? పిల్లలు ఎగిరి గంతేసి ఊరుకోలేదు. వాళ్ళ అనుమానాలు వాళ్ళకున్నాయి. మాతో ఆడేదెవరు? చూడ్డానికి జనం వస్తారా? బ్యాండు వాయిస్తారా? నాకు ఈ మూడో ప్రశ్న భలే నచ్చింది. పిల్లలకు ఆట ఒక్కటే చాలదు, అట్టహాసం కూడా కావాలి.

ఇదేదో ఏడు సముద్రాల అవతలి సంగతనుకోకండి. భిలాయిలో ఏ సెక్టారు మైదానానికైనా సాయంత్రం వెళ్ళి చూడండి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన కాలం నుంచీ శ్రీకాకుళం, విశాఖ వైపు కుటుంబాలు పని కోసం ఈ ఊరు వస్తూనే ఉన్నాయి. వాళ్ళ మనవలు ఇప్పుడు ఇంట్లో తెలుగు, బయట హిందీ మాట్లాడుతూ టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతుంటారు. పదో తరగతి వాడు బ్యాటు వదలడు. మూడో తరగతి వాడి పని కాలవలో పడ్డ బంతి తేవడం. మరీ ఏడిస్తే ఆఖర్న రెండు బంతులు ఆడనిస్తారు. అదీ లెక్కలోకి రాదు, వాడు ఆటలో అరటిపండు. టౌన్‌షిప్ కట్టినవాళ్ళు పిల్లలకు మైదానాలు వదిలారు, సంతోషం. కానీ మైదానం ఉన్నంత మాత్రాన వంతు రాదు.

స్టాట్జ్ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. జట్లు ఎవరైనా కడతారు. ఆయన ఆటనే పిల్లల ఒంటికి సరిపోయేట్టు కత్తిరించాడు. బేస్‌బాల్ మైదానం నాలుగు మూలల నలుచదరం, ఒక మూల నుంచి ఇంకో మూలకు 90 అడుగులు. మూడో బేస్ దగ్గర బంతి అందుకున్నవాడు దాన్ని ఎదురు మూలనున్న మొదటి బేస్‌కు కొట్టాలంటే 127 అడుగులు దాటించాలి. పదేళ్ళవాడి చేయి అంత దూరం లాగదు. బంతి మధ్యలో రెండు గెంతులు వేసేలోపు పరిగెత్తేవాడు బేస్ చేరిపోతాడు. ఇక ఔటన్నది ఉండదు, ఔట్లు లేని ఆట ఆటే కాదు. స్టాట్జ్ వీధి పిల్లల్ని పార్కుకు పోగేసి, బేస్‌ల దూరం మార్చి మార్చి ఆడించి చూశాడు. చివరికి 60 అడుగుల దగ్గర తూకం కుదిరింది. మూలనుంచి మూలకు విసురు 85 అడుగులకు దిగింది. ఇప్పుడు బంతికీ కాళ్ళకీ నిజమైన పోటీ. విసిరేవాడు ఒక్క క్షణం తడబడితే పరుగెత్తేవాడిది గెలుపు, తడబడకపోతే ఔటు. ఈనాటికీ లిటిల్ లీగ్ మైదానం కొలత అదే.

కొలత కుదిరింది, డబ్బు కుదరాలిగా. ఆర్థికమాంద్యం ఇంకా పూర్తిగా వదలని రోజులు. స్టాట్జ్ ఊళ్ళోని వ్యాపారుల గుమ్మాలన్నీ ఎక్కి దిగాడు. యాభైకి పైగా చోట్ల లేదనిపించుకున్నాడు. పిల్లకాయల ఆటకు మేం డబ్బివ్వడమేమిటన్నది వాళ్ళ ధోరణి. చివరికి లైకమింగ్ డెయిరీ ఒప్పుకుంది. ఒకరు చేయి చాపితే రెండోవారు దొరకడం సులువు. లండీ లంబర్ వచ్చింది, జంబో ప్రెట్జెల్ అనే చిరుతిళ్ళ కంపెనీ వచ్చింది. తలా 30 డాలర్లు, మూడు జట్లు. జట్లు చూసుకోవడానికి స్టాట్జ్‌కు తోడు జార్జ్, బెర్ట్ బెబుల్ అనే అన్నదమ్ములు దొరికారు. ముగ్గురి భార్యలూ పనిలో చేయి కలిపారు.

అలా వచ్చింది ఆ మంగళవారం. ఇంకో ఆరు రోజుల్లో, జూన్ 12న, కూపర్స్‌టౌన్‌లో బేబ్ రూత్ వంటి మహామహుల సమక్షంలో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ప్రారంభం కాబోతోంది. దేశం కళ్ళన్నీ అటే. విలియమ్స్‌పోర్ట్ ఖాళీ జాగాలో ముప్ఫై ఒక్క పరుగుల రభసను పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది?

23-8తో చిత్తయిన పాల జట్టు పిల్లలు ఆ రాత్రి అన్నం తిన్నారో లేదో గానీ, మర్నాటి నుంచి మైదానానికి మాత్రం వచ్చారు. సీజన్ మొదటి సగంలో వాళ్ళే అగ్రస్థానం కొట్టారు. రెండో సగం లండీ లంబర్‌ది. ఆఖర్న మూడు ఆటల పోరు పెడితే లైకమింగ్ డెయిరీ గెలిచి టైటిల్ ఎగరేసుకుపోయింది. మొదటిరోజు స్కోరు చూసి పందెం కాసినవాడెవడైనా ఉంటే వాడి జేబు ఖాళీ.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1947లో తొలి జాతీయ టోర్నమెంట్. రబ్బరు కంపెనీ యు.ఎస్. రబ్బర్ పోషణలోకి రాగానే లీగ్ ఊరూరా పాకింది. పెద్ద డబ్బుతో పాటు పెద్ద ఆఫీసు వచ్చింది, ఆఫీసుకూ స్టాట్జ్‌కూ పొసగలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. 1956 నాటికి తాను పుట్టించిన లీగ్‌తో ఆయనకు రుణం తీరిపోయింది. 1992లో పోయేదాకా సొంత ఊళ్ళోనే, దానికి దూరంగానే బతికాడు.

ఇంతకన్నా నన్ను కుదిపిన సంగతి వేరే ఉంది. వంతు దొరకని పిల్లల కోసం పుట్టిన లీగ్ తానే కొందరిని గట్టున కూర్చోబెట్టింది. 1950లో న్యూయార్క్ రాష్ట్రంలో క్యాథరిన్ జాన్‌స్టన్ అనే పిల్ల జడలు కత్తిరించుకుని, మగపిల్లాడి పేరు చెప్పి జట్టులో చేరింది. బాగా ఆడింది కూడా. మరుసటి ఏడాది లీగ్ ఆడపిల్లలు పనికిరారని నిబంధన రాసుకుంది. అది తొలగడానికి 1974 దాకా పట్టింది.

1955లో ఇంకా ఘోరం. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్ నుంచి క్యానన్ స్ట్రీట్ వై.ఎం.సి.ఎ. నల్లజాతి పిల్లల జట్టు పోటీకి పేరిచ్చింది. వాళ్ళతో ఆడాల్సివస్తుందని ఆ రాష్ట్రంలోని తెల్ల జట్లన్నీ తప్పుకున్నాయి. ఎదురు నిలిచినవాడు లేడు కాబట్టి గెలుపు వీళ్ళదే కావాలి. కానీ ఆడి గెలవని జట్టు పై మెట్టుకు పోరాదని నిబంధన. లీగ్ వాళ్ళు ఆ పిల్లల్ని విలియమ్స్‌పోర్ట్‌కు పిలిచారు, అతిథులుగా. మైదానంలో కాసేపు బంతి విసురుకోనిచ్చారు. తర్వాత వెళ్ళి ప్రేక్షకుల్లో కూర్చోమన్నారు. ఆడనివ్వండి, ఆడనివ్వండి అని జనం అరిచారు. ఆడనివ్వలేదు.

దక్షిణ కరోలినా రాష్ట్ర ఛాంపియన్లన్న పతాకం ఆ జట్టుకు 2002లో ఇచ్చారు. అప్పటికి ఆ పిల్లలు అరవయ్యో పడికి దగ్గరపడ్డారు.