శంషాబాదు డాక్టరమ్మ

సింగపూరు నుండి హైదరాబాదు వెళ్లే మన కుటుంబాలన్నీ 2008 నుండి దిగుతున్నది శంషాబాదులోనే. పెట్టెలు లెక్కపెట్టుకొని కారెక్కి నగరం దారి పట్టడమే గాని, ఆ ఊరివైపు తల త్రిప్పి చూసేవారు తక్కువ. విమానాలు రాకముందు, నిజాం రాజ్యకాలంలో, అక్కడ ఒక మిషను ఆసుపత్రి ఉండేది. అందులో వైద్యం చేసిన డాక్టరమ్మ పేరు కాతరీనా షెలెన్‌బర్గ్. బుకిట్ బటోక్‌లో కూర్చొని ఆమె సంగతి ఎందుకు వ్రాస్తున్నానో కొంచెం ఆగి చెబుతాను.

ఆమె 1870లో దక్షిణ రష్యాలో, అనగా నేటి ఉక్రెయిన్‌లో, జర్మను మాట్లాడే మెనొనైట్ కుటుంబంలో జన్మించింది. పదహారవ శతాబ్దంలో హాలెండు దేశస్థుడైన మెనో సైమన్స్ బోధను అనుసరించిన క్రైస్తవులు వీరు. ఊహ తెలిసి విశ్వసించిన తరువాతనే బాప్తిస్మం పొందాలని ఒక నియమం. ఎట్టి పరిస్థితిలోను ఆయుధం పట్టరాదని మరొక నియమం. ఈ రెండవది వారిని ఎక్కడా కుదురుగా ఉండనివ్వలేదు. ప్రష్యా నుండి రష్యాకు పోయారు. అక్కడ 1874లో నిర్బంధ సైనిక సేవ చట్టం రాగా, వేలాది మంది అమెరికా, కెనడాలకు ఓడలెక్కారు. షెలెన్‌బర్గ్ కుటుంబం 1879లో అమెరికా వచ్చి కాన్సాస్‌లో స్థిరపడింది. తండ్రి అబ్రహాం సంఘ పెద్ద. చిన్నతనంలోనే తల్లి పోగా, పెద్దకూతురు కనుక ఇంటి బరువంతా కాతరీనా మీద పడింది.

అందుకే కాబోలు, ఆమె వైద్యపట్టా పుచ్చుకొనేసరికి ముప్పై ఆరేళ్లు నిండాయి. చదివింది హోమియోపతి కళాశాలలో. (చక్కెర మాత్రల చదువే కదా అనుకోవద్దు. ఆనాటి అమెరికాలో ఆ కళాశాలలు శరీరశాస్త్రం, శస్త్రచికిత్స కూడ నేర్పేవి.) ఆ 1907లోనే హైదరాబాదు రాజ్యానికి బయలుదేరింది. మెనొనైట్ బ్రెదరన్ సంఘం, మన పాలమూరు వారి నోట ఎం.బి. చర్చి, తన మిషనుకు పంపిన తొలి డాక్టరు ఆమెయే. పెండ్లి చేసుకోలేదు.

ఇంచుమించు ఆ రోజులలోనే కోస్తా నుండి మన తాతలు, ముత్తాతలు మలయా తోటలకు ఓడలెక్కారు. తెలుగు గడ్డను విడిచి వారు ఇటు వస్తుంటే, ఆమె సముద్రాలు దాటి ఆ గడ్డకే చేరింది.

హైదరాబాదులోను, నాగర్‌కర్నూలు, దేవరకొండలలోను పనిచేసి, 1928 నుండి శంషాబాదులో నిలిచిపోయింది. ఆ పల్లెలలో కాన్పు అంటే మంత్రసానే దిక్కు. బిడ్డ అడ్డం తిరిగితే ఇక దేవుడే దిక్కు. గోషాలో ఉండే స్త్రీలు ప్రాణం పోతున్నా పురుష వైద్యునికి చెయ్యి చూపించుకొనేవారు కారు. గత్తర వస్తే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యేవి. అటువంటి చోట ఒక ఆడ డాక్టరు ఉండడమంటే ఏమిటో మన అమ్మమ్మలకు వేరుగా చెప్పనక్కరలేదు.

వైద్యం సువార్తకు తలుపు తెరుస్తుందని మిషనువారి నమ్మకం. ఆ మాట వారు దాచుకోలేదు. ఆ తలుపులోనుండి సంఘంలో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవారు. ఊరి బావి దగ్గరకు రానివ్వని వారిని డాక్టరమ్మ చేతితో ముట్టి చూసిందన్నది చిన్న విషయం కాదు. నా కొరత మరొకటి. ఆమె పక్కన నిలిచి కట్లు కట్టిన, రోగుల మాట ఆమెకు విప్పి చెప్పిన తెలుగు స్త్రీల పేర్లు పుస్తకాలలో కనబడడం అరుదు.

ఇక బుకిట్ బటోక్ సంగతి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశమైంది. ఆ ఏడే వారు ఆస్ట్రేలియా, బ్రిటిషు యుద్ధఖైదీల చేత మన గుట్ట మీద తమ మృతవీరులకు స్మారక స్తంభం కట్టించారు. దాని వెనుక ఎదుటి పక్షంవారి మృతులకు ఒక చిన్న శిలువను అనుమతించారు. ఆ మెట్లు ఎక్కినప్పుడల్లా నాకు డాక్టరమ్మ గుర్తుకు వస్తుంది. తుపాకి పట్టనని దేశాలు విడిచినవారి బిడ్డ, లోకమంతా యుద్ధంలో మునిగిన వేళ, శంషాబాదులో రోగులను చూస్తూ ఉన్నది.

యుద్ధం ముగియడం ఆమె చూడలేదు. 1945 జనవరి 1న, డెబ్బై నాలుగవ ఏట, శంషాబాదులోనే కన్నుమూసింది. తెలుగు నేల మీద అడుగుపెట్టి ముప్పై ఏడేళ్లు గడిచాయి. ఆ సంవత్సరమే జపాను లొంగిపోయింది. గుట్ట మీది స్తంభాన్ని వారే పడగొట్టుకున్నారు. మెట్లు మాత్రం మిగిలాయి.

శంషాబాదులో ఎం.బి. సంఘంవారి బైబిలు కళాశాల ఉన్నది. ఈసారి విమానం దిగినప్పుడు ఒక గంట తీరిక చేసుకొని, అటు వెళ్లి డాక్టరమ్మ సంగతి అడగండి.