ఓడ ఎక్కే ముందు పిల్లలకు నేర్పే పాఠాలు

పోయిన వేసవిలో విశాఖ నుంచి చెన్నై వైపు వెళ్లే ఓడలో మూడు రాత్రులకు టికెట్లు తీసుకున్నాం. మా అమ్మాయికి పద్నాలుగు, అబ్బాయికి పదకొండు. బయల్దేరడానికి వారం ముందు నుంచే నేను ఇంట్లో బడి పెట్టేశాను. కంచం పక్కన ఫోర్కు, కత్తి. దోసెని కూడా కత్తితో కోసుకు తినమన్నాను. మావారు నవ్వుకుంటూ తన దోసె తను చేత్తోనే తినేసి లేచిపోయారు.

"అక్కడ చేత్తో తినకు, అందరూ చూస్తారు" అన్నాను అమ్మాయితో.

"చూస్తే ఏమవుతుందమ్మా?" అంది అది, తలెత్తకుండానే.

నాకు జవాబు తోచలేదు. అత్తయ్యగారు మాత్రం "ఓడలో పెరుగన్నం పెడతారో లేదో కనుక్కున్నావా?" అన్నారు. ఆవిడ బెంగ ఆవిడది.

ఆ రాత్రి గాంధీగారి ఆత్మకథ తీశాను. ఈ ఫోర్కూ కత్తీ గొడవ అందులో ఎక్కడో చదివిన గుర్తు. నా గుర్తు తప్పు కాదు.

1896 చివర్లో గాంధీగారు భార్యాపిల్లలతో బొంబాయిలో ఓడ ఎక్కారు. అప్పటికి ఆయన మహాత్ముడు కాదు, దక్షిణాఫ్రికాలో పని చేసుకుంటున్న 27 ఏళ్ల వకీలు. ఓడ పేరు కూర్లాండ్. దాని యజమాని దాదా అబ్దుల్లా ఆయన కక్షిదారే, అందుకని కుటుంబానికి టికెట్టు డబ్బులు తీసుకోలేదు. కస్తూర్బాగారు, ఎనిమిదేళ్ల హరిలాల్, నాలుగేళ్ల మణిలాల్, వాళ్లతో పాటు గాంధీగారి అక్కగారి అబ్బాయి పదేళ్ల గోకుల్‌దాస్. ఆ అక్కగారు భర్త పోయినావిడ, ఆవిడకు ఆ పిల్లాడు ఒక్కడే. కుటుంబంతో గాంధీగారికి అది మొదటి సముద్ర ప్రయాణం.

ఓడ ఎక్కే ముందు ఆయనా ఇంట్లో బడి పెట్టారు. నలుగురిలో నాగరికంగా కనబడాలంటే వేషం, తీరు వీలైనంత వరకు యూరోపియన్ల పద్ధతికి దగ్గరగా ఉండాలని అప్పట్లో ఆయన నమ్మకం. మరీ దొరల బట్టలు వేస్తే బాగుండదనుకున్నారు. మనవాళ్లలో పార్సీలకు నాగరికులని పేరుంది కాబట్టి ఆ పద్ధతి ఎంచుకున్నారు. కస్తూర్బాగారికి పార్సీ చీర, మగపిల్లలకు పార్సీ కోటూ ప్యాంటూ. అందరికీ బూట్లు, మేజోళ్లు. ఆ బూట్లతో వేళ్లు పుండ్లు పడ్డాయి, చెమటకి మేజోళ్లు వాసన కొట్టాయి. తినేటప్పుడు ఫోర్కూ కత్తీ పట్టమన్నారు. ఇష్టం లేకపోయినా, వేరే దారి లేక ఒప్పుకున్నారని ఆయనే రాసుకున్నారు. పిల్లల సాకులన్నిటికీ తన దగ్గర సిద్ధంగా జవాబులు ఉండేవట.

చదువుతుంటే నా వంటింటి బల్లే కళ్ల ముందు కనబడింది.

అప్పటి సముద్ర ప్రయాణమంటే మాటలు కాదు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక బొంబాయి నుంచి ఇంగ్లండు నెలల మాట పోయి వారాల మాట అయింది. కానీ సముద్రం దాటితే కులం పోతుందన్న భయం పోలేదు. 1888లో గాంధీగారు చదువుకి ఇంగ్లండు వెళ్తానన్నందుకు ఆయన కులపెద్దలు వెలి వేశారు. 1899లో యూరప్ వెళ్లొచ్చిన మోతీలాల్ నెహ్రూ ప్రాయశ్చిత్తం చేసుకోనని మొండికేశారు. అది పెద్దవాళ్లు తమంతట తాము తీసుకున్న నిర్ణయం. పిల్లలను ఓడ ఎక్కించడం వేరే సంగతి. వాళ్ల తరఫున నిర్ణయించేది మనం, వాళ్లను ఎవరిలా తయారు చేయాలో తేల్చేదీ మనమే.

మళ్లీ కూర్లాండ్ దగ్గరికి వద్దాం. డర్బన్ ఇంకా నాలుగు రోజుల దూరం ఉందనగా పెద్ద తుపాను పట్టుకుంది. ఒక పగలూ రాత్రీ ఓడంతా ప్రార్థనలే. డిసెంబరు 18న రేవు చేరారు, కానీ దిగనివ్వలేదు. బొంబాయిలో ప్లేగు ఉందని క్వారంటీన్ పెట్టారు. అసలు కారణం వేరే. గాంధీగారు ఇండియాలో తమ గురించి చెడుగా ప్రచారం చేశారని, భారతీయులతో ఊరు నింపేయడానికి వస్తున్నారని డర్బన్ తెల్లవాళ్లు మండిపడుతున్నారు. కూర్లాండ్‌లోనూ, వెంట వచ్చిన నాదెరీ అనే ఓడలోనూ కలిపి 800 మంది దాకా ఉన్నారు. మొత్తం 23 రోజులు ఒడ్డు కనబడుతూనే ఉంది, కాలు పెట్టడానికి లేదు. ముగ్గురు పిల్లలతో ఓడలో 23 రోజులు! నాకు మూడు రోజుల వానకి స్కూల్ సెలవిస్తేనే ఇల్లు ఎక్కి తొక్కుతారు.

1897 జనవరి 13న దిగనిచ్చారు. కస్తూర్బాగారిని, పిల్లలను ముందుగా బండిలో పార్సీ రుస్తుంజీ ఇంటికి పంపించేశారు. గాంధీగారు వెనకాల నడిచి వస్తుంటే గుంపు పట్టుకుని రాళ్లు, కుళ్లిన గుడ్లు విసిరింది, కొట్టింది. పోలీసు సూపరింటెండెంటు అలెగ్జాండర్ భార్య తన గొడుగు అడ్డం పెట్టి ఆయన్ని కాపాడింది. రాత్రికి గుంపు రుస్తుంజీ ఇంటినే చుట్టుముట్టింది. లోపల భార్యాపిల్లలున్నారు. వాళ్ల ప్రాణాలు దక్కాలంటే వేషం మార్చుకుని వెళ్లిపొమ్మని అలెగ్జాండర్ కబురు పెట్టాడు. గాంధీగారు మన దేశపు పోలీసు జవాను వేషం వేసుకుని, తలమీద దెబ్బ తగలకుండా ఒక పళ్లెం పెట్టుకుని, దానికి మద్రాసు కండువా చుట్టుకుని బయటపడ్డారు.

ఎవరి కళ్లకు నాగరికంగా కనబడాలని పిల్లల కాళ్లకు బూట్లు బిగించారో, ఒడ్డున గుంపు కట్టింది వాళ్లే. ఆ బూట్లు ఎవరినీ ఆపలేదు. ఆ రాత్రి హరిలాల్, గోకుల్‌దాస్ ఏమనుకున్నారో! నాలుగేళ్లవాడు మరిచిపోయి ఉండొచ్చు. ఎనిమిదేళ్లు, పదేళ్లు వచ్చినవాళ్లు మరిచిపోరు.

అదే డర్బన్‌లో 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని దింపింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వచ్చినవాళ్లు వాళ్లు, పిల్లాపాపలతో సహా. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో మన తెలుగు కుటుంబాలు ఎన్నో. బర్మాలో అయితే తెలుగువాళ్లకు కోరంగీలనే పేరు పడిపోయింది, కాకినాడ దగ్గరున్న కోరంగి రేవు పేరు మీద. ఆ ఓడల్లో పిల్లలకు ఫోర్కు పట్టడం నేర్పినవాళ్లు ఉండరు. పదేళ్లు దాటిన పిల్లలు దిగాక పనికి పోవలసినవాళ్లే. సముద్రం ఒకటే, టికెట్టు వేరు.

టికెట్టు బాగున్నవాళ్ల సంగతి చూస్తే, 1905 మేలో నెహ్రూగారి కుటుంబం ఇంగ్లండు ఓడ ఎక్కింది. జవహర్‌లాల్‌కి 15 ఏళ్లు, చెల్లెలికి ఇంకా ఐదు నిండలేదు. అబ్బాయిని హారో స్కూల్లో వేయడానికి అమ్మానాన్నా స్వయంగా తీసుకెళ్లారు. డోవర్ నుంచి లండన్‌కి రైల్లో వెళ్తూ ఆ పిల్లాడు పేపర్లో చదివిన వార్త పెద్దయ్యాక కూడా గుర్తు పెట్టుకుని రాశారు. సుషిమా దగ్గర జపాన్ నౌకలు రష్యా నౌకలను ఓడించాయన్న వార్త అది. ఒక ఆసియా దేశం గెలిచిందని పొంగిపోయారు. తల్లిదండ్రుల ధ్యాసంతా ఇంగ్లీషు స్కూలు మీద, పిల్లాడి మనసు జపాన్ మీద! పదిహేనేళ్ల వాళ్లతో ప్రయాణం ఇంతే కదా. మనం ఒక ఊరికి తీసుకెళ్తాం, వాళ్లు ఇంకో ఊరు చూసి వస్తారు. అమ్మానాన్నా వదిలి వెళ్లాక మొదట్లో ఒంటరిగా, ఇంటి మీద బెంగగా ఉండేదని కూడా ఆయన రాసుకున్నారు.

మూడో ప్రయాణం మన మదనపల్లె పిల్లలది. 1911 ఏప్రిల్ 22న బొంబాయి నుంచి మాంటువా అనే పి అండ్ ఓ ఓడ బయల్దేరింది. అందులో అనీబిసెంట్‌తో పాటు ఇద్దరు తెలుగు అన్నదమ్ములు. జిడ్డు కృష్ణమూర్తికి 16 నిండటానికి మూడు వారాలు కూడా లేదు, తమ్ముడు నిత్యానందకు 12. వాళ్లమ్మ సంజీవమ్మగారు 1905లోనే పోయారు. తండ్రి నారాయణయ్యగారు మద్రాసులో దివ్యజ్ఞాన సమాజంలో పని చేస్తూ, 1910లో పిల్లల సంరక్షణ అనీబిసెంట్‌కి రాసిచ్చారు. ప్రయాణానికి ముందు యూరోపియన్ బట్టలు కొన్నారు. అంతే కాదు, చిన్నప్పుడు కుట్టించిన చెవుల రంధ్రాలు అక్కడివాళ్లకు వింతగా కనబడకూడదని వాటిని కూడా వైద్యుడి చేత కుట్టించి మూసేశారు. మగపిల్లలకు చెవులు కుట్టించడం మన ఇళ్లలో ఎంత వేడుక! వాళ్లమ్మ బతికుండగా చేసిన ఆ ముచ్చట గుర్తుని ఓడ ఎక్కే ముందు చెరిపేశారు. అది చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను.

ఇటలీ రేవు బ్రిండిసిలో దిగి, రైల్లో యూరప్ దాటి, మే 5న లండన్ చేరారు. పదమూడు రోజులు. మరుసటి ఏడాది నారాయణయ్యగారు నా పిల్లలు నాకు కావాలని మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. అక్కడ గెలిచారు. కానీ 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పు కొట్టేసింది. కాలక్రమంలో కృష్ణమూర్తిగారు తెలుగే మరిచిపోయారు. 1925 నవంబరులో ఆయన ఓడలో ఇండియాకి వస్తూ సూయజ్ దగ్గర ఉండగా టెలిగ్రాం అందింది. కాలిఫోర్నియాలో తమ్ముడు నిత్య పోయాడని. పిల్లలుగా ఇద్దరూ కలిసి మొదటిసారి దాటిన ఆ నీళ్ల మీదే అన్నగారికి ఆ కబురు తెలిసింది.

వీళ్ల పెద్దవాళ్లెవరూ చెడ్డవాళ్లని నేను అనడం లేదు. పిల్లలు నలుగురిలో చిన్నబోకూడదనే చేశారు. నేనూ అందుకే కదా కంచం పక్కన కత్తి పెట్టింది. కానీ గాంధీగారు రాసిన ఇంకో మాట నన్ను పట్టుకుంది. కొన్నాళ్లకు ఆయనకు ఆ మోజు తీరిపోయింది, ఫోర్కులు, బూట్లు మానేయమన్నారు. అలవాటు పడ్డాక మానడం కూడా వాళ్లకు అంతే కష్టమై ఉంటుందని ఆయనే ఒప్పుకున్నారు. అంటే పెట్టుకోమన్నదీ ఆయనే, తీసేయమన్నదీ ఆయనే. మధ్యలో పిల్లలను అడిగినట్టు కనబడదు. హరిలాల్ 1911లో, మాంటువా ఓడ లండన్ దారిలో వెళ్లిన రోజుల్లోనే, తన చదువు విషయంలో తండ్రితో పడక ఇల్లు వదిలి వెళ్లిపోయారు. దానికి చాలా కారణాలున్నాయి, బూట్లు మాత్రమే కాదు. అయినా అడగకుండా నిర్ణయించడం అన్నది ఆ ఓడ నాటికే మొదలైంది.

చంటిపిల్లలను అడగలేం, మనం చూసుకోవలసిందే. పదేళ్లు దాటినవాళ్లను అడగొచ్చు. అడిగితే చెబుతారు కూడా.

మర్నాడు పొద్దున కంచాల పక్కన ఫోర్కులు పెట్టలేదు. అమ్మాయిని పిలిచి "నిన్న నువ్వు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఓడలో నీకెలా బాగుంటే అలా తిను" అన్నాను. అది అనుమానంగా చూసింది. తల్లి మారిపోతే పిల్లలకు ముందు అనుమానమే వస్తుంది.

ఓడలో మొదటి రాత్రి భోజనానికి పెద్ద హాలు, తెల్ల బట్టలు పరిచిన బల్లలు. అమ్మాయి నూడుల్స్ ఫోర్కుతో తింది, తర్వాత పప్పన్నం పెట్టించుకుని చేత్తో కలుపుకుంది. పక్క బల్లవాళ్లు ఒకసారి చూశారు, మళ్లీ వాళ్ల భోజనంలో పడ్డారు. అబ్బాయి మాత్రం "అమ్మా, ఆ కత్తి ఎలా పట్టాలో ఒకసారి చూపించు" అన్నాడు. చూపించాను. అత్తయ్యగారికి ఫోన్ చేసి పెరుగన్నం ఉందని చెప్పాం.