అతుకుల బొంత: కార్వాన్ లెక్కల్లో లేని గుడ్డముక్కలు

గోల్కొండ వాణిజ్యం అనగానే మీకు మొదట వజ్రాలు గుర్తుకు వస్తాయి. అది సహజమే. ఈ పాఠంలో అదే వాణిజ్యాన్ని ఒక పాత గుడ్డముక్క వైపు నుంచి చూద్దాం. చరిత్రకు ఆధారం అని దేనిని అంటామో, దేనిని అనకుండా వదిలేస్తామో తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

ముందుగా స్థలాన్ని గుర్తు పెట్టుకోండి. పాతబస్తీ నుంచి పురానాపుల్ మీదుగా మూసీ దాటి గోల్కొండ కోటకు వెళ్ళే పాత దారిలో కార్వాన్ ఉంది. పారసీకంలో ఆ మాటకు బిడారు అని అర్థం. వంతెన కట్టినది 1578లో. హైదరాబాదు నగరం వెలసినది 1591లో. అంటే నగరం కంటే దారే పాతది. అబ్దుల్లా కుతుబ్‌షా పాలన చివర, 1671లో మూసాఖాన్ కట్టించిన టోలి మసీదు నేటికీ ఆ దారిలో నిలిచి ఉంది. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, నగరంలో రాజోద్యోగులు, పెద్దింటివారు నివసించేవారనీ, వర్తకులు, దళారులు, చేతిపనివారు నది అవతలి శివారుపేటలో ఉండేవారనీ రాశాడు. ఆ పేట కార్వాన్ ప్రాంతమేనని చరిత్రకారులు గుర్తించారు.

ఆ కాలపు వస్త్ర వ్యాపారం గురించి మనకు చాలా తెలుసు. మచిలీపట్నంలో డచ్చివారు 1605–06లో, ఇంగ్లీషువారు 1611లో అడుగుపెట్టారు. వారి లెక్కల పుస్తకాలలో బట్టను తానుల లెక్కన, ఇరవై తానులు ఒక కోర్జ్ చొప్పున రాసేవారు. నిండు తాను ఉన్నంతవరకే ఆ పుస్తకంలో బట్టకు చోటు. దానిని కొని, కట్టి, చింపి, అతికించిన తరువాత ఏమైందో ఏ గుమాస్తా రాయలేదు. రాయవలసిన అవసరం అతనికి లేదు. కోసిన బట్టకు బజారులో ధర ఉండదు కదా.

ఈ సంగతి మన పూర్వులకు బాగా తెలుసు. బౌద్ధ వినయపిటకంలోని మహావగ్గలో ఒక ప్రసంగం ఉంది. మగధలో గట్లు వేసి మడులుగా తీర్చిన పొలాలను బుద్ధుడు ఆనందునికి చూపి, భిక్షువుల చీవరాన్ని ఆ తీరుగా కుట్టగలవా అని అడుగుతాడు. బట్టను ముక్కలుగా కోసి తిరిగి కుట్టితే దొంగలకు దానిపై ఆశ పుట్టదు, భిక్షువుకు మమకారమూ పుట్టదు. నాగార్జునకొండ, అమరావతి విహారాలలో నివసించినవారు ధరించినదీ చీవరమే. బట్టను కోసి, ముక్కలను మరో విధంగా అమర్చడానికి మన చరిత్రలో ఇంత పాత సాక్ష్యం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక మీ ఇంటి బొంత దగ్గరకు వద్దాం. పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి, చిరిగినచోట వేరే ముక్క అతికించి, దబ్బనంతో అంచు నుంచి లోపలికి టాకా కుట్టు వేస్తూ వస్తారు. బెంగాల్‌లో కాంథా, మహారాష్ట్రలో గోధడీ, ఉత్తర కర్ణాటకలోని సిద్ది స్త్రీల కవందీ దీనికి దాయాదులు. పాతబస్తీ ఉర్దూలో గుదడీ అంటారు. దరిద్రంలో పుట్టిన గొప్పవాణ్ణి ‘గుదడీ కా లాల్’, అంటే బొంతలోని కెంపు, అనడం ఆ భాషలో నానుడి. తెలుగులో మాత్రం అతుకుల బొంత అంటే పొంతన లేనిదని ఎగతాళి. పత్రికలు సంకీర్ణ ప్రభుత్వాలను ఆ పేరుతోనే వెక్కిరిస్తాయి. బొంత కుట్టినవారు ఆ పోలికను ఒప్పుకుంటారని నేను అనుకోను.

కార్వాన్‌కు పేరు తెచ్చిన బిడార్లలో సరుకు మోసినవారిలో బంజారాలు ముఖ్యులు. వారి ఎద్దుల మందలు పదివేలు, పన్నెండువేల దాకా ఉండేవని, ఒక్కొక్క వర్గం ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పులలో ఒకే సరుకును మోసేదని టావెర్నియే వర్ణించాడు. లంబాడీ స్త్రీల ఫేటియా, కాంచళి, టుక్రీలలో రంగురంగుల ముక్కలు, అద్దాలు కలిపి కుట్టే పని నేటికీ తండాలలో చూడవచ్చు. మోసిన సరుకు గురించి పుస్తకాలున్నాయి. మోసినవారి గుడ్డ గురించి దాదాపు ఏమీ లేదు.

మన బట్ట సముద్రం దాటాక కొంత భిన్నమైన కథ జరిగింది. పూల అద్దకపు చీటిబట్టకు ఇంగ్లండులో ఎంత మోజు పెరిగిందంటే, అక్కడి నేతపరిశ్రమ వారి ఒత్తిడికి పార్లమెంటు 1700లో దిగుమతిని నిషేధించింది, 1721లో వాడకాన్నే నిషేధించింది. అప్పటికి ఇళ్ళలో ఉన్న ముక్కలు అపురూపమయ్యాయి. ఇంగ్లండులో మిగిలి ఉన్న అతి పాత అతుకుపనులలో ఒకటైన లెవెన్స్ హాల్ దుప్పటి సుమారు 1708 నాటిది. దానిలోనివి భారతీయ అద్దకపు ముక్కలే. ఇక్కడ లేమి కుట్టించిన పనిని అక్కడ చట్టం కుట్టించింది.

ఇప్పుడు ఒక సాంకేతిక విషయం. తొమ్మిది చదరపు ముక్కలను మూడు వరుసలుగా కుట్టారనుకోండి. నాలుగు మూలలు ఎరుపు, నడిమిది నీలం, మిగిలినవి తెలుపు. దీనిని క్విల్టు పనిలో బ్లాకు అంటారు. కుట్టిన బ్లాకును సరిగ్గా మధ్యకు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కోయండి. వచ్చిన నాలుగు భాగాలలో ప్రతిదానినీ ఉన్నచోటే అరచుట్టు తిప్పి మళ్ళీ కలపండి. నాలుగు ఎరుపు మూలలు నడుమకు వచ్చి ఒకే పెద్ద చదరమవుతాయి. నీలం నాలుగు చిన్న ముక్కలై మూలలకు పోతుంది. కొత్త గుడ్డ ఒక్క అంగుళం చేరలేదు, పైగా కుట్టు మడతలకు కొంత పోయింది. అయినా అల్లిక పూర్తిగా మారింది. కాగితంతో చేసి చూడండి, చదివితే బోధపడదు.

చరిత్ర విద్యార్థికి ఇందులో పనికివచ్చేది కుట్టు. చేతి టాకాను అడ్డంగా కోస్తే దారం కొసలు వదులై కుట్టు జారిపోతుంది. మిషను కుట్టులో పై దారం, కింది దారం ఒకదానినొకటి పట్టుకుంటాయి కనుక కోసినా చాలావరకు నిలుస్తుంది. సింగర్ తన యంత్రానికి పేటెంటు పొందినది 1851లో. ఫ్లోరిడాలోని సెమినోల్ ఆదివాసి స్త్రీలు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో చేతితో తిప్పే మిషన్లపై పట్టీలు కుట్టి, అడ్డంగా కోసి, జరిపి కలిపే అతుకుపనిని పెంపొందించారు. కాబట్టి కుట్టిన తరువాత కోసి అమర్చిన బ్లాకును ఎవరైనా 18వ శతాబ్దానిదని చూపితే మీరు ముందు సందేహించాలి. మన దగ్గర ఉషా మిషన్లు 1930లలో వచ్చాయి. మిషను చేరిన ఇంటి బొంతలో తిన్నటి అంచులు, దర్జీ దుకాణపు కొత్త ముక్కలు కనిపిస్తే ఆశ్చర్యం లేదు.

నేను పరిశోధక విద్యార్థిగా కార్వాన్ సందులలో శాసనాల కోసం తిరిగిన రోజుల్లో పిట్టగోడల మీద బొంతలు ఆరుతూ ఉండేవి. వాటిని తప్పించుకుని నడిచాను, ఒక్కదానినీ చూడలేదు. తరువాత మా అమ్మ కుట్టిన బొంతను, ఇల్లు మారేటప్పుడు, పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమెకు నేనే వేశాను. దానికి ఒక చిన్న గిన్నె వచ్చింది. ఆ బొంతలో మా నాన్నగారి పంచె అంచు ఉండేదని మా అక్కయ్య చెప్పేదాకా నాకు తెలియదు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో పాత బొంత ఉంటే, ఉతకడానికి వేసేలోపే పరచి చూడండి. పొరలెన్నో అంచు దగ్గర లెక్కపెట్టండి. ఏ ముక్క ఎవరి చీరో, ఏ ఏటిదో, ఎక్కడ కొన్నదో కుట్టినవారిని అడిగి వారి మాటల్లోనే రాసుకోండి. కుట్టు చేతిదా మిషనుదా గమనించండి. వెనుక వైపు కూడా చూడండి, అతుకు మీద అతుకు ఎక్కువగా అక్కడే ఉంటుంది.