ఐదు తీగల ఫ్రెట్‌లెస్ బాస్ గిటారు స్కేలు పొడవు

బాస్ గిటారులో మెడ చివరనుండే నట్‌కు, బ్రిడ్జికి మధ్య కంపించే తీగ పొడవును స్కేలు పొడవు అంటారు. 1951లో వెలువడిన ఫెండర్ ప్రెసిషన్ బాస్‌కు ఇది 34 అంగుళాలు. ఐదు తీగల బాస్ గిటార్లు ఎక్కువగా 34 లేదా 35 అంగుళాల స్కేలుతో లభిస్తాయి.

తీగ బిగువు

అయిదవ తీగను సాధారణంగా మంద్రస్థాయి 'బి' స్వరానికి (30.87 హెర్ట్జ్) శ్రుతి చేస్తారు. బిగువు చాలనిచో ఈ తీగ వదులుగా ఊగి, నాదం అస్పష్టమవుతుంది. అదే తీగను అదే శ్రుతిలో 34కు బదులు 35 అంగుళాల వాద్యానికి కట్టినచో బిగువు సుమారు 6 శాతం పెరుగుతుంది. స్కేలు మార్చకుండా, మరింత బరువైన తీగ కట్టి కూడా బిగువు పెంచవచ్చు.

స్వరస్థానాలు

వీణ మెట్ల వంటి ఫ్రెట్లు ఈ వాద్యానికి ఉండవు కనుక స్వరశుద్ధి వేలు మోపే చోటుపైనే ఆధారపడుతుంది. తీగ మధ్యబిందువు వద్ద పలికే పై స్థాయి స్వరం 34 అంగుళాల వాద్యంలో నట్ నుండి 17 అంగుళాల దూరంలోను, 35 అంగుళాల వాద్యంలో 17.5 అంగుళాల దూరంలోను ఉంటుంది. పాత అలవాటుతో 17 అంగుళాల వద్దనే వేలు మోపినచో స్వరం దాదాపు అర్ధస్వరంలో సగం మేర తగ్గి పలుకుతుంది. కావున 34 అంగుళాల వాద్యంపై చేయి కుదిరినవారు ముందుగా బరువైన తీగను ప్రయత్నించి, అప్పటికీ 'బి' నాదం స్పష్టంగా లేనప్పుడు మాత్రమే 35 అంగుళాలకు మారడం మేలు.