ఊరి టీవీ నుంచి ఇంటి ఫోన్ దాకా

దూరం నుంచి చదువు చెప్పడం కరోనాతోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. కాదు. 1975 ఆగస్టు 1న 'సైట్' అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ప్రసారాలు అందాయి. హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లూ అందులో ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. ఆ టీవీ ఏ ఒక్కరి సొంతమూ కాదు. సర్కారు ఇచ్చింది, నలుగురూ చేరే చోట పెట్టారు. దాని ముందు కూర్చోవడానికి ఎవరూ పైసా పెట్టలేదు.

అయితే ఆ టీవీ మాట్లాడిన భాషలు హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం. ఉర్దూ లేదు. తరతరాలుగా ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్న జిల్లాలివి. ఉర్దూలో సైన్సు చెప్పలేమనే సాకు కూడా ఇక్కడ చెల్లదు. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్నీ ఇంజనీరింగునూ ఉర్దూలోనే బోధించింది. దారుల్ తర్జుమా వందలాది పుస్తకాలను అనువదించింది. ఆ రోజుల్లో తెలుగు పిల్లలు తమ భాషలో చదువుకు నోచుకోలేదన్నదీ నిజమే. దాన్ని మనం దాచుకోనక్కర్లేదు. కానీ 1948 తర్వాత దర్బారు భాష పెత్తనం పోయింది, మిగిలింది పేదల ఉర్దూ. దర్బారు చేసిన దానికి పేదల పిల్లలు ఎందుకు జరిమానా కట్టాలి?

2006లో సచార్ కమిటీ తేల్చిందేమిటి? 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని. ఈ పునాది మీదే 2020 వచ్చి పడింది.

మార్చిలో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా మూడో తరగతి మొదలు పై పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. 1975కీ 2020కీ తేడా ఇక్కడే ఉంది. సర్కారు పాఠం పంపింది. పెట్టె మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు పట్టణాల్లో నూటికి 23.4, పల్లెల్లో 4.4. ఇంటర్నెట్ సౌకర్యం పట్టణాల్లో 42, పల్లెల్లో 14.9.

తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. 2021 'అసర్' సర్వేలో పల్లె బడిపిల్లల ఇళ్లల్లో మూడింట రెండు వంతులకు పైగా స్మార్ట్‌ఫోన్ కనిపించింది. అయితే ఫోన్ ఉన్న ఇళ్లల్లోనే నాలుగో వంతుకు మించిన పిల్లలకు అది చదువుకు దక్కలేదు. ఆటో నడిపే అబ్బాజాన్ పొద్దున్నే ఫోన్ జేబులో వేసుకుని వెళ్తే పాఠం కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది. రాత్రి తిరిగొచ్చాక ముందు అన్న చేతికి, మిగిలితే చెల్లెలి చేతికి.

ఆడపిల్లకు ఫోన్ ఎందుకనే మాట మన ఇళ్లల్లో ఉంది. మన ఇళ్లల్లోనే కాదు. 2023 అసర్ సర్వే పల్లెల్లో 14-18 ఏళ్ల వాళ్లను అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడగలిగినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు నూటికి 43.7, అమ్మాయిలు 19.8. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని 2019లోనే కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. హాస్టల్లో ఫోన్ మీద పెట్టిన ఆంక్షను ఒప్పుకోని ఒక విద్యార్థిని కోర్టుకెక్కి తెచ్చుకున్న తీర్పు అది. హక్కు ఆమె గెలిచింది. ఫోన్ మన అమ్మాయిల చేతికి ఇంకా రాలేదు.

హైస్కూలు చదువులో మరో చిక్కుంది. తెలుగు మీడియంలో త్రిభుజం ఉర్దూ మీడియంలో ముసల్లస్. కోణం జావియా. తెర మీద ఒకసారికి ఒక భాషే వినిపిస్తుంది. అర్థం కాని పిల్ల చెయ్యెత్తితే టీవీ ఆగదు. తరగతిలో అయితే టీచర్ ఆగుతాడు. ఇంట్లో చెప్పేవాళ్లున్న పిల్లకు అది చిన్న ఇబ్బంది, మొదటి తరం చదువరికి చదువే ఆగిపోయే ఇబ్బంది. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులు తెరుచుకున్నాయి. పది నెలలు దాటిన ఆ ఎడబాటులో గణితం మరిచినవాడికి మళ్లీ చెప్పుకోవచ్చు. పనిలో కుదిరిపోయినవాణ్ని ఎవరు పిలుచుకొస్తారు?

కాబట్టి మనం అడగాల్సింది ఉచిత డేటా ఒక్కటే కాదు. 1975లో సర్కారుకు తెలిసిన సంగతినే గుర్తు చేయాలి. పాఠం పంపేవాళ్లే పెట్టెనూ పంపాలి. అది బస్తీ బడిలో, లైబ్రరీలో, అమ్మాయిలు భయం లేకుండా వచ్చి కూర్చునే చోట ఉండాలి. ఆనాడు మరిచిన ఉర్దూ ఈసారి అందులో వినిపించాలి. పక్కన ఒక టీచర్ ఉండాలి. ఇది దయ కాదు, బాకీ.