పూలవాన వెనుకనున్న త్రాడు

దేవతలు పూలవాన కురిపించిరని నాటకకర్త యొక్క పంక్తిలో వ్రాసి యూరకుండును. ఆ పూలను తగిన క్షణమున, తగిన చోట రాల్చుట మాత్రము తెరచాటున త్రాడు పట్టి నిలిచిన మనుష్యుని పని. నాటకచరిత్రలు వ్రాయువారు కవిని గూర్చియు నటుని గూర్చియు పుటలు నింపిరి; ఈతనిని దలచినవా రరుదు.

ఈ విద్య నేటిది కాదు. క్రీస్తుపూర్వము 5వ శతాబ్దముననే గ్రీకులు ఏతమువంటి యంత్రముతో దేవతాపాత్రలను రంగముపైకి దింపిరి. జపానుదేశపు కబుకి నాటకములలో బుట్టలయందు కాగితపు తునుకలు నింపి, పైని గట్టి, త్రాటితో నూపి మంచు కురిపింతురు. మన దేశమున 1885వ సంవత్సరమున కడప మండలములోని సురభి గ్రామమున 'కీచకవధ'తో సురభివారి నాటకవ్రతము మొదలైనది. పురుషులే స్త్రీవేషములు వేయు కాలమున వారు స్త్రీపాత్రలను స్త్రీలకే యిచ్చిరి. కుటుంబసమేతముగా నూరూర తిరుగుచు, త్రాళ్లను, కప్పీలను, తెరలను నమ్ముకొని, నారదుని మేఘములనుండి దింపిరి. రంగముపై వాన కురిపించిరి. ధనము కొఱవడినచోట నేర్పు నిలిచినది.

చిన్న సమాజముల కీ నేర్పు దుర్లభము కాదు. రెండు వెదురు గడల నడుమ గుడ్డను ఉయ్యెలవలె గట్టి, ఒక ప్రక్క గంట్లు పెట్టి పూలరేకులు పోయవలెను. ఒక గడ కదలరాదు. రెండవదానిని త్రాటితో నూపినకొలది రేకులు రాలును. అన్నియు నొక్కమాఱు పడవలెనన్న, రెండవ గడను మేకుతో నిలిపి, సమయమునకు ఆ మేకును త్రాటితో లాగవలెను. శిల పడవలసియున్నచో కాగితపు గుజ్జుతో జేసిన బోలుశిల చాలును. పడుచోటును సుద్దతో గుర్తించి, అచ్చట నెవ్వరును నిలువకుండ ముందుగానే యభ్యసింపవలెను.

పడరానిది పడుట యొక ప్రమాదము. పడవలసినది పడకుండుట వేఱొకటి. 1903వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన చికాగో నగరపు ఇరోక్వాయి నాటకశాలలో దీపమునుండి తెరగుడ్డ యంటుకొనెను. అగ్ని నడ్డుటకై దిగవలసిన తెర నడుమనే తగులుకొని నిలిచిపోయెను. 600 మందికి పైగా మరణించిరి. వారిలో స్త్రీలును బిడ్డలును పెక్కండ్రు. ఆ యపాయము ముందుగా దిగిచూచిన తెలిసియుండెడిది కాదా?

మన పాఠశాలలలో బాలబాలికలు నాటకములాడుట శుభమే. అయితే వారి తలలపై వ్రేలాడుదాని నెవరు పరీక్షించిరి? పొదుపు కిరీటమునందు చూపవచ్చును, పూలయందు చూపవచ్చును, త్రాటియందు చూపరాదు. ప్రదర్శనాంతమున నటులకు పూలదండలు వేయునపుడు, త్రాడు పట్టినవానినిగూడ తెరముందునకు బిలుచుట మన ధర్మము. పేరు తెలిసినవాడు బాధ్యతయు నెఱుగును.